వాలుగ దవడ

కోసిన మినప చేలో
పదకొండు బంతులు.
పన్నెండోది మొన్న జీడితోటలోకి పోయింది,
ఇంకా తేలలేదు.

విశాఖలో పదారేళ్లు
ఇంకొకళ్ల సంచులు మోశాను.
ఎవరి మోకాలు ముందే సడలుతుందో,
ఎవరి తల బంతికన్నా ముందు లేచిపోతుందో
వెనకనించి చూసి చెప్పగలను.
నా తల నాకు కనబడదు కదా.

వచ్చేస్తుంటే ఓ పెద్దాయన
పాత సెవెన్ ఐరన్ చేతిలో పెట్టాడు.
దాని రబ్బరు అరిగింది
ఆయన బొటనవేలి కొలతకి.

పొందూరు రైలుగేటు అవతల
పొద్దున్న ఆరింటికి నేనూ, అదీ, మంచూ.
కొడితే బంతి బుద్ధిగానే బయల్దేరుతుంది,
సగం దారిలో మనసు మారి
కుడిపక్క కల్లుపాకకేసి తిరుగుతుంది.
మేకలు తోలే గవరయ్య
గట్టుమీద కూచుని అంటాడు:
"తాగీసిందేటి మావా, నీ బంతి?"

తప్పేమిటో నాకు తెలుసు.
నడుము తిరక్కముందే చేతులు దిగిపోతున్నాయి,
పట్టు బిగుసుకుపోతోంది.
ఇదే తప్పు నలభైమందికి
సంచి దింపి మరీ చెప్పాను.
నోటికి వచ్చిన పాఠం
అరచేతికి రావడానికి
ఎన్ని చేలు కొయ్యాలో.

అసిరమ్మత్త వసారాలో
వాలుగచేప దవడతో పత్తి దువ్వుతోంది.
జుట్టుకన్నా సన్నం ఆ పళ్లు,
గింజకు తెలీకుండా
దాని నూగంతా తీసేస్తాయి.
నా చేతి బొబ్బ చూసి
ఆ ఇనపకర్ర ఎలా పడతావో చూపించమంది.
చూపించాను.
నవ్వింది, ఉన్న రెండు పళ్లతో.

"ఏకునాగ పట్టాల్సింది
మేకునాగ దిగ్గొట్టీసినావేట్రా.
బిగబట్టి లాగితే పోగు తెగిపోద్ది,
ఒగ్గీసినావంటే పోగే అవదు.
ఆ మజ్జిన ఉంటాది సూడు, అదీ పట్టు."

ఎక్కడత్తా, అన్నాను.

"నాకేటి తెలుసు, నీ సేతినడుగు."

చాలాసేపు రాట్నం పక్కనే కూచున్నాను.
ఎడం చెయ్యి పోగుని పైకి సాగదీస్తూ పోయి
చివర ఓ లిప్త ఆగుతుంది.
ఆగాకే కదురు దాన్ని చుట్టుకుంటుంది.
ఆ ఆగడమే నా దగ్గర లేదు.
సంచి మోసినవాడు ఆగితే
చివాట్లే కదా ఎప్పుడూ.

మర్నాడు బంతి పెట్టకుండా
ఉత్త గాలిని కొట్టాను, ముప్పైసార్లు.
పైదాకా వెళ్లి ఆగి,
ఎవరూ అరవలేదని తేల్చుకుని
దిగాను.
అప్పుడు బంతి పెట్టాను.

చిన్న చప్పుడు. చిటికంత.
చేతులకి దెబ్బే తెలీలేదు.
కల్లుపాకని తలతిప్పి చూడకుండా
బంతి తాటిచెట్ల మీదుగా పోయి
గట్టు అవతల మెత్తగా దిగింది.
చెయ్యి తిరగడమంటే ఏమిటో
మణికట్టు దగ్గర తెలిసింది.
గవరయ్య ఏమీ అనలేదు.

తర్వాతి ఆరింటిలో
రెండు కాలవలో పడ్డాయి,
ఒకటి నేలకి చెక్కు లేపి అక్కడే కూలబడింది,
ఒకటి పాకకే వెళ్లింది,
పాత స్నేహం.

సాయంత్రం తూర్పుగాలి ఉప్పగా లేచింది.
బంతిని కుడిపాదం వేపు జరిపి,
చేతులు ముందుంచి,
ఊపుని నడుము దగ్గరే తుంచేస్తే
గాలి కిందనుంచి దూరిపోతుంది,
గుమ్మం ఎత్తు తెలిసినవాడిలా.
అది చూసి గవరయ్య
"నానొకపాలి" అని కర్రకోసం చెయ్యి చాచాడు.

మోకాలు, భుజం, తల
అంటూ మొదలుపెట్టబోయి నోరు మూసుకున్నాను.
అరటిదొప్పలోంచి అత్త ఇచ్చిన ఏకు తీసి
వాడి అరచేతికీ కర్రకీ నడుమ పెట్టి
నలక్కుండా తిప్పమన్నాను.

తిప్పాడు.
బంతి ఉన్నచోటే ఉంది.
ఏకు ఎగిరిపోయింది.
ఎగిరినదాన్ని మేక తినేసింది.

రేపటికి
ఇంకో ఏకు అడగాలి అత్తని.
ఎందుకంటే ఏం చెప్పాలో.